గట్టి పదార్థాల గుట్టు విప్పిన డాక్టర్ భగవంతం

ఎర్రగడ్డ: దీపావళికి తారాజువ్వ ముట్టించిన ప్రతివారికీ ఒక సంగతి తెలుసు. జువ్వలో కూరిన మందు ఒకే ముద్దగా ఉంటే అది రివ్వున పైకి పోతుంది. నిరుడు మిగిలిపోయి, అటక మీద ఎండకు ఎండి, చలికి ముడుచుకుని, లోపల బీటలు వారిన జువ్వ అయితే లేవకుండానే ఢామ్మని పేలుతుంది. రెండింటిలో ఉన్నదీ ఒకే మందు. తేడా అల్లా లోపలి బీటదే. బీటలోకి నిప్పు జొరబడితే ఒక్కసారిగా ఎక్కువ మందు అంటుకుంటుంది, గొట్టం ఆ ఒత్తిడికి ఆగదు.

టన్నుల కొద్దీ మందు పోసిన పెద్ద రాకెట్టుకూ ఇదే వర్తిస్తుంది. మందు ఎంత వేగంగా మండుతుందో తెలిస్తే చాలదు. లాగితే ఎంత సాగుతుంది, నొక్కితే ఎంత అణుగుతుంది, ఎప్పుడు పగులుతుంది అన్నది కూడా ముందే లెక్క కట్టాలి. లెక్క తప్పితే పోయేది రాకెట్టు ఒక్కటే కాదు, దాని దగ్గర పనిచేసే మనుషుల ప్రాణాలు కూడా.

రక్షణ శాఖ వారి రాకెట్ల పని హైదరాబాదుకు 1962లో వచ్చింది. నగరానికి ఈ కొసన మన ఎర్రగడ్డ ఉంటే ఆ కొసన చాంద్రాయణగుట్ట ఉంది. అక్కడి పాత నిజాం సైనిక లైన్లలో ప్రయోగశాల పెట్టిన నాడు దేశ రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నది ఒక తెలుగు వారు, డాక్టర్ సూరి భగవంతం. ఆయనను సర్ సి.వి. రామన్ శిష్యుడిగా కొందరు ఎరుగుదురు. పుట్టపర్తి సభల్లో సత్యసాయిబాబా ప్రసంగాలను ఇంగ్లీషులోకి చెప్పిన పెద్దమనిషిగా ఇంకా ఎక్కువమంది ఎరుగుదురు. గట్టి పదార్థం మీద బలం పడితే అది ఎలా నడుచుకుంటుందో తేల్చడానికి ఆయన చేసిన కృషి మాత్రం మన పల్లెల్లో పెద్దగా ఎవరికీ తెలియదు.

ఆగిరిపల్లి నుంచి కలకత్తాకు

భగవంతం 1909 అక్టోబరు 14న ఆగిరిపల్లిలో జన్మించారు. నూజివీడు దగ్గరి ఆ ఊరు అప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది, 2022లో ఏలూరు జిల్లాలో చేరింది. కొండ మీది శోభనాచల స్వామి గుడితో ఆ ఊరికి పేరు. కాలేజీ చదువుకు ఆయన హైదరాబాదు వచ్చి నిజాం కాలేజీలో చేరారు. నిజాం రాజ్యంలో ఉన్నా ఆ కాలేజీ అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. 1928లో బి.ఎస్సీ. పూర్తి చేశారు.

ఆ సంవత్సరమే ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ తన పేరు నిలిచిపోయిన ఫలితాన్ని కనుగొన్నారు. వస్తువు గుండా పోయిన వెలుగులో కొంత భాగం రంగు మారి బయటికి వస్తుందనీ, ఆ మార్పు వస్తువు లోపలి అమరికను పట్టి ఇస్తుందనీ దాని సారాంశం. పంతొమ్మిదేళ్లు అయినా నిండని భగవంతం అదే ఏడు కలకత్తా వెళ్లి రామన్ ప్రయోగశాలలో చేరారు. రామన్‌కు 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. వెలుగు కణానికి తనలో తాను తిరిగే గుణం ఉందని చూపే ప్రయోగాన్ని గురువు, శిష్యుడు కలిసి 1931లో ప్రకటించారు. వజ్రం మీద భగవంతం పరిశోధన మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. వజ్రపు గనులకు పేరుపడ్డ పరిటాల ఉన్న జిల్లాలో పుట్టిన కుర్రవాడు కలకత్తాలో వజ్రం పట్టుకున్నాడన్నమాట.

1932లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్చరరుగా చేరారు. అప్పటికి ఆ విశ్వవిద్యాలయానికి ఆరేళ్లు. సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలరు. ముప్పై ఏళ్లు నిండకముందే భగవంతం ఫిజిక్సు ప్రొఫెసరు అయ్యారు. కలకత్తాలోనో బెంగుళూరులోనో ఉంటే దొరికే పరికరాలు వాల్తేరులో లేవు. ఉన్నదానితోనే, ఎక్కువ భాగం కాగితం, పెన్సిలు, లెక్కలతో, ఆయన పెద్ద పని చేశారు. దానిని కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

ఎన్ని అంకెలు కావాలి?

ఒక గట్టి వస్తువు బలానికి ఎలా లొంగుతుందో పూర్తిగా చెప్పాలంటే ఎన్ని కొలతలు కావాలి? వినడానికి పిల్లల ప్రశ్నలా ఉంటుంది. కట్టెల మొద్దును తీసుకోండి. నిలువునా గొడ్డలి వేస్తే ఒక్క దెబ్బకు చీలుతుంది. అడ్డంగా వేస్తే నాలుగు దెబ్బలకూ తెగదు. కట్టె ఒక్కటే, కానీ దిక్కును బట్టి దాని బలం మారుతుంది. స్ఫటికాలు కూడా అంతే. ఉప్పు కల్లు, పటిక, పటికబెల్లం, వజ్రం, ఇవన్నీ స్ఫటికాలే. లోపల అణువులు వరుసలు తీరి ఉంటాయి. ఏ దిక్కున లాగారన్నదాన్ని బట్టి సాగుడు వేరుగా ఉంటుంది.

ఏ పొందికా లేని స్ఫటికానికి సాగుడు లెక్క 21 అంకెలు కావాలి. పాచికలాగా అన్ని వైపులా ఒకే తీరున అమరిన స్ఫటికానికి 3 చాలు. గాజులాగా లోపల వరుసే లేని దానికి, దిక్కు తేడా ఉండదు కనుక, 2 చాలు. ఒక్క అంకె వదిలేసి లెక్క కడితే మిగతావి ఎంత జాగ్రత్తగా కొలిచినా ఫలితం తప్పే.

ఇలాంటి లెక్కే ఇంకొకటి ఉంది. పారదర్శకమైన వస్తువును నొక్కితే దాని గుండా పోయే వెలుగు నడక మారుతుంది. ఆ మార్పును చెప్పడానికి ఎన్ని అంకెలు కావాలో పోకెల్స్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1890 ప్రాంతంలో ఒక పట్టిక వేసి పెట్టాడు. యాభై ఏళ్లపాటు లోకమంతా దాన్నే వాడింది. భగవంతం 1942లో సమూహ సిద్ధాంతం అనే గణితంతో ఆ పట్టికను మళ్లీ మొదటినుంచి లెక్కించారు. కొన్ని తరగతుల స్ఫటికాలకు పోకెల్స్ చెప్పిన సంఖ్య తప్పని తేలింది. పాచిక తరహా స్ఫటికాలన్నిటికీ 3 అంకెలు చాలునని పోకెల్స్ అంటే, వాటిలో రెండు తరగతులకు 4 కావాలని భగవంతం చూపించారు. తరువాత ప్రయోగంలో కూడా అదే నిజమని తేలింది. జర్మనీ పుస్తకంలో ఉన్నది కనుక సరే అనుకుని ఊరుకోకుండా, వాల్తేరులో కూర్చుని మళ్లీ లెక్కబెట్టిన ఆ పట్టుదలే నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికన్నా గొప్ప విషయం.

అవి యుద్ధం రోజులు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలిపోయింది. అంత గందరగోళంలోనూ పరిశోధన ఆగలేదు.

వజ్రం సాగుడు ఎంత?

వజ్రం లోకంలోకెల్లా గట్టి వస్తువు. అదీ సాగుతుంది, అణుగుతుంది, కంటికి కనిపించనంత కొద్దిగా. ఆ కొద్దిని కొలవడం ఎలా? చిన్న రాయి, పట్టుకుని లాగడానికి వీలు కాదు. భగవంతం, ఆయన తోటి పరిశోధకుడు భీమసేనాచార్ కలిసి చెవికి వినపడనంత సన్నటి ధ్వనిని వాడారు. కంచరి వాడు బిందెను గోటితో మీటి, మోతను బట్టి సొట్టో పగులో చెప్పేస్తాడు కదా, ఇదీ అలాంటిదే. పలుచటి వజ్రపు బిళ్ల గుండా ధ్వనిని పంపి, ఏ సుతిలో అది బాగా పారుతుందో చూస్తే లోపల ధ్వని వేగం తెలుస్తుంది. వేగం తెలిస్తే గట్టితనం తెలుస్తుంది. ఆ విధంగా వజ్రానికి కావలసిన మూడు అంకెలూ కొలిచి 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించారు.

ఆ అంకెలు అలాగే నిలబడ్డాయని చెబితే అబద్ధమవుతుంది. 1957లో అమెరికాలో మరింత మంచి పరికరాలతో కొలిచినప్పుడు మూడూ మారాయి. ఒకటైతే మూడో వంతుకు పడిపోయింది. కానీ వజ్రానికి మూడు అంకెలున్నాయని, వాటిని ధ్వనితో పట్టుకోవచ్చని వాల్తేరు వారు చూపిన దారి మాత్రం మారలేదు.

గణిత శాస్త్రజ్ఞుడు టి. వెంకటరాయుడుతో కలిసి భగవంతం రాసిన సమూహ సిద్ధాంత గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తే అచ్చువేసింది.

ఉస్మానియా, బెంగుళూరు, ఢిల్లీ

1948లో లండన్‌లోని భారత హైకమిషన్‌లో శాస్త్ర వ్యవహారాల అధికారిగా వెళ్లారు. 1949లో ఉస్మానియాలో ఫిజిక్సు ప్రొఫెసరుగా చేరి 1952 నుంచి 1957 దాకా వైస్ ఛాన్సలరుగా పనిచేశారు. పోలీసు చర్య తరువాతి రోజులవి. అంతవరకు ఉర్దూలో సాగిన బోధన ఇంగ్లీషుకు మారుతున్న కాలం. 1956లో రాష్ట్రమే మారిపోయింది. 1957లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరు అయ్యారు. అక్కడ ఆయన తరువాత ఆ కుర్చీలో కూర్చున్న వారు సతీష్ ధావన్. శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి ఇప్పుడున్నది ఆ ధావన్ పేరే.

1961లో రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు పదవి వచ్చింది. డి.ఎస్. కొఠారి తరువాత రెండవవారు భగవంతమే. 1969 దాకా ఎనిమిదేళ్లు ఆ పదవిలో ఉన్నారు. ఆ ఎనిమిదేళ్లలో చైనాతో ఒక యుద్ధం, పాకిస్తాన్‌తో ఒక యుద్ధం.

ఢిల్లీ మెట్‌కాఫ్ హౌస్‌లో 1958లో మొదలైన ఒక చిన్న బృందం యుద్ధ టాంకులను కొట్టే క్షిపణి మీద పనిచేస్తూండేది. అదే 1961లో ప్రయోగశాలగా మారి, 1962 ఫిబ్రవరిలో చాంద్రాయణగుట్టకు వచ్చింది. చాంద్రాయణగుట్ట, కంచన్‌బాగ్ ప్రాంతం ఈనాడు క్షిపణులకు పేరుపొందిందంటే దానికి బీజం ఆ మార్పులోనే ఉంది.

నువ్వుండ, బండి చక్రం

ఇక్కడ రాకెట్టు మందు సంగతి చెప్పుకోవాలి. భగవంతం స్వయంగా మందు కలపలేదు, రాకెట్టు గీయలేదు. ఆయన చదివిన శాస్త్రం ఎక్కడ అక్కరకు వస్తుందో చూస్తే గాని ఆయన కూర్చున్న కుర్చీ విలువ తెలియదు.

పెద్ద రాకెట్లలో వాడే గట్టి ఇంధనం మన నువ్వుండ లాంటిది. నువ్వుల చోట అమ్మోనియం పెర్క్లోరేటు అనే ఉప్పు స్ఫటికాలు, అల్యూమినియం పొడి ఉంటాయి. పాకం చోట రబ్బరు. నూటికి ఎనభై అయిదు పాళ్లకు పైగా గింజలే, రబ్బరు పదీ పదిహేను పాళ్లకు మించదు. జావగా ఉన్నప్పుడు గొట్టంలో పోసి, వేడి గదిలో రోజుల తరబడి ఉంచితే గట్టిపడుతుంది. తరువాత చల్లారుస్తారు. చిక్కు అంతా అప్పుడే వస్తుంది.

కమ్మరి బండి చక్రానికి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి ఎక్కించడం మనం చూసిందే. చల్లారితే పట్టా ముడుచుకుని కర్రను బిగిస్తుంది. రాకెట్టులో దీనికి తిరకాసు. ఇక్కడ లోపలి రబ్బరు ముద్ద, బయటి ఉక్కు గొట్టం కన్నా పది రెట్లు దాకా ఎక్కువ ముడుచుకుంటుంది. గొట్టానికి అంటుకుని ఉంది కనుక ముడుచుకుపోనూ లేదు, ఊడిపోనూ లేదు. లోపల లోపల లాగుతూనే ఉంటుంది. మందు సమంగా మండాలని ముద్ద నడుమ చుక్క ఆకారంలో ఒక తొర్ర ఉంచుతారు. ఆ చుక్క మూలల్లో లాగుడు అంతా పోగుపడుతుంది. బీట పుట్టేది అక్కడే.

మరి ఎంత లాగితే పగులుతుంది? గాజులాగా ఇది కూడా దిక్కు తేడా లేనిదే కనుక 2 అంకెలు చాలాలి. కానీ చాలవు. బెల్లం దిమ్మను చూడండి. వేసవిలో వేలితో నొక్కితే లొట్ట పడుతుంది. పుష్యమాసంలో రోకలితో కొడితే ముక్కలవుతుంది. మెల్లగా వంచితే వంగే పాకం, విసురుగా వంచితే విరుగుతుంది. రాకెట్టు మందుదీ ఇదే గుణం. వేడిని బట్టి, లాగే వేగాన్ని బట్టి, వయసును బట్టి ఒక్కొక్క అంకె ఒక్కొక్క పట్టిక అయిపోతుంది. పైగా గట్టిగా లాగితే రబ్బరు గింజను వదిలేసి నడుమ బొల్లు పడుతుంది. ఆ తరువాత పాత పట్టిక కూడా పనికిరాదు.

అమెరికాలో ముగ్గురు శాస్త్రజ్ఞులు 1955లో ఇలాంటి పదార్థాలకు ఒక సూత్రం ప్రకటించారు. చలిలో మెల్లగా లాగడం, వేడిలో త్వరగా లాగడం రబ్బరు జాతికి వేరువేరు కావు, ఒకదాన్ని బట్టి రెండోది లెక్కించవచ్చునన్నది దాని సారం. ఆ సూత్రం పుణ్యమా అని, వేడిలో కొన్ని గంటలు పరీక్ష చేసి, గోదాములో నెలల తరబడి పడి ఉన్న రాకెట్టు ఎలా ఉంటుందో ఊహించవచ్చు. ఎండకాలం రాజస్థాన్‌లోనూ చలికాలం లడక్‌లోనూ పనిచేయవలసిన క్షిపణికి ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కరలేదు.

చుక్క మూలలో లాగుడు ఎంత ఉందో చూడటానికి 1950, 60లలో ఇంజనీర్లు ఏం చేసేవారో తెలుసా? పారదర్శకమైన ప్లాస్టిక్‌తో అచ్చం అలాంటి ముద్ద చేసి, నొక్కి, ఒక ప్రత్యేకమైన అద్దాల జత నడుమ పెట్టి వెలుగు పంపేవారు. ప్లాస్టిక్ మీద ఇంద్రధనుస్సులా రంగు చారలు పడతాయి. చారలు దట్టంగా మూగిన చోట లాగుడు ఎక్కువ. నొక్కితే వెలుగు నడక మారుతుందన్న సంగతి, భగవంతం 1942లో వాల్తేరులో లెక్కలు సరిదిద్దిన శాస్త్రం, అదే.

మధ్యలో ఆగిన పని

అయితే ఆయన హయాంలో క్షిపణి సైన్యానికి చేరలేదు. చాంద్రాయణగుట్ట వారు టాంకు క్షిపణిని తయారు చేసి ప్రయోగించి చూపారు గాని, చివరకు ప్రభుత్వం ఫ్రాన్సు క్షిపణి వైపు మొగ్గింది. దానిని ఇక్కడ తయారు చేయడానికి 1970లో హైదరాబాదులోనే భారత్ డైనమిక్స్ కర్మాగారం వెలిసింది. అప్పటికి భగవంతం పదవి వదిలి ఏడాది. ఇది ఆయన వైఫల్యం అనేవారు అనవచ్చు. నాకు మాత్రం అలా తోచదు. అయిదారేళ్లలో నేర్చేసుకునే విద్య కాదది. మందు పోయడం, ఎండబెట్టడం, ముక్క కోసి లాగి చూడటం, పగిలితే మళ్లీ పోయడం, ఇలా ఒక తరం గడవాలి. ఆ తరానికి కూర్చునే చోటు ఈ నగరంలో ఏర్పడింది ఆయన పదవిలో ఉండగానే.

ఫైళ్లూ సమావేశాలూ మీద పడ్డా చదువు వదలలేదు. స్ఫటికాల పొందికకూ, వాటి గుణాలకూ ఉన్న సంబంధం మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1966లో వెలువడింది. అంటే రెండు యుద్ధాల నడుమ, ఢిల్లీ ఉద్యోగంలో ఉంటూనే రాశారన్నమాట. ఏ స్ఫటికానికి ఏ గుణం చెప్పడానికి ఎన్ని అంకెలు కావాలో అందులో వరసగా ఉంది. రాకెట్టు మందులోని పెర్క్లోరేటు ఉప్పు స్ఫటికం జాతికి సాగుడు అంకెలు 9.

ఉద్యోగం వదిలిన తరువాత వర్ధమాన దేశాల శాస్త్ర సాంకేతిక కమిటీ పనులు చూశారు. వేదాంతం వైపు, సత్యసాయిబాబా వైపు ఆయన మొగ్గిన సంగతి అందరికీ తెలిసిందే. దానిని మెచ్చుకున్నవారూ, ఇంత శాస్త్రజ్ఞుడు ఇలాగా అని విస్తుపోయినవారూ ఉన్నారు. ఆ వాదన ఇక్కడ అక్కరలేదు.

1983లో కేంద్ర ప్రభుత్వం క్షిపణుల కార్యక్రమానికి అనుమతి ఇచ్చింది. అబ్దుల్ కలాం నాయకత్వంలో చాంద్రాయణగుట్ట నాటి ప్రయోగశాలే ఆ పనికి పూనుకుంది. 1988 ఫిబ్రవరి 25న పృథ్వి ఎగిరింది. దానిలో వాడింది ద్రవ ఇంధనం. భగవంతం 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 79 ఏళ్లు. అదే సంవత్సరం మే 22న ఒరిస్సా తీరాన చాందీపూర్ నుంచి అగ్ని లేచింది. దాని మొదటి అంచెలో ఉన్నది రబ్బరుతో కలిపి పోసిన గట్టి ఇంధనం, దాదాపు 9 టన్నులు. ఎక్కడా బీట పడలేదు.